రమోనా కోసం ఏడ్చినోళ్లు భూమి ఎందుకు ఇవ్వలేదు? (పాత హాలీవుడ్ ఏడుపు సినిమాల చరిత్ర)

కొంచెం పెద్ద పోస్టు. అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

మన గ్రూపులో జోడేఘాట్ గురించి, రంప గురించి, 1/70 చట్టం గురించి మంచి పోస్టులు చాలా వచ్చాయి. ఈసారి మేము రాసేది అమెరికాలో ఎనభై, వందేళ్ల కింద తీసిన ఏడుపు సినిమాల గురించి. వాటితో మనకేం పని అంటారా? పని ఉంది. అక్కడి ఆదివాసీ కథను తెరమీద పెట్టి జనాన్ని ఏడిపించడం హాలీవుడ్ పుట్టిన రోజుల్లోనే మొదలైంది. ఏడిపించి ఏం చేశారు, ఎవరిని ఏడిపించారు, ఆ ఏడుపు వల్ల ఎవరికైనా ఏమైనా ఒరిగిందా అన్నది చూస్తే మన గురించి తీసే సినిమాలను చూసే చూపు కూడా మారుతుంది. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తున్నాం. ఆ సినిమాలు మాకు నచ్చాయి. తప్పులు కనబడుతున్నా నచ్చాయి. గదిలో ఆరుగురం ఒక్క ఫోను గోడకు ఆనించి చూశాం. ఇంగ్లీషు అక్షరాలు తొందరగా చదివేవాడు ఒకడు సగం తెలుగులో, సగం కోయలో చెబుతుంటే మిగతావాళ్లం విన్నాం.

వాటిని ఇంగ్లీషులో మెలోడ్రామా అంటారు. 'మెలోస్' అంటే గ్రీకు భాషలో పాట, సంగీతం. 1800 ప్రాంతంలో ఫ్రాన్స్ నాటకశాలల్లో ఈ రకం నాటకాలు బాగా నడిచాయి. మంచివాడు మరీ మంచివాడు, చెడ్డవాడు మరీ చెడ్డవాడు. కష్టం మీద కష్టం. విడిపోయిన తల్లీబిడ్డలు ఎక్కడో అనుకోకుండా కలుస్తారు. ఎప్పుడు ఏడవాలో వెనక వాయిద్యమే చెబుతుంది. మన ఊళ్లల్లో హరిశ్చంద్ర నాటకం కాటిసీను చూసినోళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కథ ముందే తెలుసు, పద్యం కూడా నోటికొచ్చు, అయినా కొంగుతో కళ్లు తుడుచుకుంటారు. సినిమా పుట్టాక ఈ సరుకంతా తెరమీదికి వచ్చింది. మొదట్లో మాటల్లేవు కాబట్టి మొహంతోనే అంతా చెప్పాలి. అందుకే పాత సినిమాల్లో నటన ఇప్పుడు మనకు ఎక్కువ అనిపిస్తుంది. చెయ్యి నుదిటికి ఆనించడం, గోడకు జారగిలబడటం లాంటివి. మా గదిలో మొదటి పది నిమిషాలు నవ్వులే. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది.

అసలు కథ ఒక పుస్తకంతో మొదలవుతుంది. హెలెన్ హంట్ జాక్సన్ అనే తెల్ల రచయిత్రి ఉండేది. అమెరికా ప్రభుత్వం ఆదివాసీ తెగలతో చేసుకున్న ఒప్పందాలను ఎలా తప్పిందో లెక్కలతో సహా 1881లో ఒక పుస్తకం రాసింది. పేరు 'ఎ సెంచరీ ఆఫ్ డిసానర్', అంటే మాట తప్పిన వందేళ్లు అనుకోండి. ఆ పుస్తకం కాపీలు పార్లమెంటు సభ్యులకు, అంటే అక్కడి కాంగ్రెస్ సభ్యులకు, పంపించింది. పెద్దగా కదలిక లేదు. తర్వాత ప్రభుత్వమే ఆమెను కాలిఫోర్నియాలోని మిషన్ ఇండియన్ల పరిస్థితి చూసి రమ్మంది. ఊరూరా తిరిగి 1883లో రిపోర్టు ఇచ్చింది. రిపోర్టుకు కూడా అదే గతి. మన దగ్గర కమిటీలు వచ్చి ఫొటోలు దిగి వెళ్లినట్టే అనుకోండి.

అప్పుడు ఆమె నవల రాయాలని నిర్ణయించుకుంది. నల్లజాతి బానిసల కోసం 'అంకుల్ టామ్స్ క్యాబిన్' నవల చేసిన పనిలో కొంతైనా ఆదివాసీల కోసం తన నవల చేయాలని ఆమె కోరిక. 1884లో వచ్చిన ఆ నవలే 'రమోనా'. లెక్కలకు, రిపోర్టులకు కదలని జనం కన్నీళ్లకు కదులుతారని ఆమె నమ్మకం. అందుకే మెలోడ్రామాలో ఉండేవన్నీ పెట్టింది.

కథ ఇది. రమోనా తండ్రి స్కాట్లాండ్ మనిషి, తల్లి ఆదివాసీ. ఒక స్పానిష్ జమీందారిణి ఇంట్లో పెరుగుతుంది. తన పుట్టుక సంగతి ఆమెకు తెలియదు. గొర్రెల ఉన్ని కత్తిరించడానికి వచ్చిన అలెసాండ్రో అనే ఆదివాసీ యువకుడిని ప్రేమిస్తుంది. జమీందారిణి ఒప్పుకోదు. ఇద్దరూ వెళ్లిపోతారు. అక్కడ్నుంచి ఎక్కడ ఇల్లు కట్టుకున్నా తెల్లవాళ్లు కాగితం పట్టుకొని వచ్చి ఖాళీ చేయమంటారు. బిడ్డకు జబ్బు చేస్తే డాక్టరు రాడు, బిడ్డ చనిపోతుంది. అలెసాండ్రోకు మతి చలిస్తుంది. ఒకరోజు ఆ స్థితిలోనే పొరపాటున ఎవరిదో గుర్రం తోలుకొస్తాడు. గుర్రం యజమాని వచ్చి గుమ్మం ముందే కాల్చి చంపేస్తాడు.

ఇదంతా కల్పన అనుకుంటాం. కానీ ఇందులో ముఖ్యమైనవి జరిగినవే. టెమెక్యులా అనే ఊరి నుంచి లుయిసేన్యో తెగ మనుషులను 1875లో నిజంగానే వెళ్లగొట్టారు. 1883లో హువాన్ డియాగో అనే కహుయిల్లా తెగ మనిషిని శామ్ టెంపుల్ అనే తెల్లవాడు గుర్రం దొంగతనం పేరుతో కాల్చి చంపాడు. ఆత్మరక్షణ కోసం కాల్చానన్నాడు, శిక్ష పడలేదు. చనిపోయినాయన భార్య పేరు రమోనా లూబో. నవల బాగా అమ్ముడుపోయాక టూరిస్టులు ఆమెను 'అసలు రమోనా' అంటూ చూడటానికి వచ్చేవాళ్లు. బుట్టలు అల్లి బతికే మనిషి. భర్త సమాధి దగ్గర నిలబెట్టి ఫొటోలు తీసేవాళ్లు. ఆమె 1922లో చనిపోయింది.

ఈ ఫొటో సంగతి చదివినప్పుడు మా గదిలో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మన సంతలకు, జాతరలకు కెమెరాలు పట్టుకొని వచ్చేవాళ్లు గుర్తొచ్చారు. ఒకడు మాత్రం, "ఆ ఫొటోకి ఆమెకి ఎంత ఇచ్చారో?" అన్నాడు.

నవల వల్ల జరిగింది ఏంటంటే, దక్షిణ కాలిఫోర్నియాకు టూరిస్టులు పెరిగారు. సరిగ్గా అదే కాలంలో రైలు మార్గాలు వచ్చాయి. రమోనా పెరిగిన ఇల్లు ఇదీ, రమోనా పెళ్లి జరిగిన చోటు ఇదీ అని బోర్డులు పెట్టి చూపించారు. నవలలో మనిషికి నిజం ఇల్లు! శాన్ డియాగోలో ఒక పాత ఇంటికి రమోనా పెళ్లి జరిగిన స్థలం అనే పేరు స్థిరపడిపోయింది. హెమెట్ అనే ఊళ్లో 1923 నుంచి రమోనా కథను ఆరుబయట కొండ మీద పెద్ద నాటకంగా ఆడుతున్నారు.

మరి భూమి? జాక్సన్ 1885లోనే చనిపోయింది. కాలిఫోర్నియా మిషన్ ఇండియన్లకు కొంత భూమి కేటాయించేలా 1891లో ఒక చట్టం వచ్చిన మాట నిజం. కానీ దేశం మొత్తానికి 1887లో డాస్ చట్టం వచ్చింది. తెగకు ఉమ్మడిగా ఉన్న భూమిని ముక్కలు చేసి కుటుంబానికి ఇంత అని పంచి, మిగిలింది 'అదనం' అని తెల్లవాళ్లకు అమ్మేశారు. ఆ చట్టాన్ని గట్టిగా బలపరిచినవాళ్లలో ఆదివాసీల మిత్రులం అని చెప్పుకున్న సంస్కర్తలే ఎక్కువ. సొంత పట్టా ఉంటే బాగుపడతారని వాళ్ల వాదన. 1887 నుంచి 1934 మధ్య తెగల చేతిలోని భూమి సుమారు 13.8 కోట్ల ఎకరాల నుంచి 4.8 కోట్ల ఎకరాలకు పడిపోయింది. రమోనా చదివి ఏడ్చిన తరమే ఈ చట్టాన్ని చూసింది. మనకు 1/70 ఎందుకు అంత ముఖ్యమో, దానిలో ఒక్క అక్షరం మారుస్తామన్నా మన పెద్దలు ఎందుకు రోడ్డెక్కుతారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఇక సినిమాల దగ్గరికి వద్దాం.

1910లో డి.డబ్ల్యు. గ్రిఫిత్ ఈ నవలను 17 నిమిషాల సినిమాగా తీశాడు. ఆదివాసీకి తెల్లవాడు చేసిన అన్యాయం కథ అని పేరు కిందే రాసుకున్నాడు. ఆ రోజుల్లో అలా రాయడం చిన్న విషయం కాదు. రమోనాగా మేరీ పిక్‌ఫోర్డ్, అలెసాండ్రోగా హెన్రీ వాల్తాల్. ఇద్దరూ తెల్లవాళ్లే. అందులో ఒక షాట్ ఉంది. అలెసాండ్రో కొండ అంచు మీద నిలబడి ఉంటాడు. ఎక్కడో కింద, లోయలో, చీమలంత మనుషులు అతని ఊరిని ధ్వంసం చేస్తుంటారు. పొగ లేస్తుంది. అతను చేతులెత్తి అరుస్తాడు, మనకు వినబడదు, మూకీ సినిమా కదా. ముంపు గ్రామాల నుంచి వచ్చిన మా మిత్రుడు ఆ షాట్‌ను మూడుసార్లు వెనక్కి జరిపి చూశాడు. వందేళ్ల కింద, కెమెరాను దూరంగా పెట్టి తీసిన ఒక్క షాట్. అందులో అతి లేదు. మెలోడ్రామాలో అతి మాత్రమే ఉంటుంది అనేవాళ్లకు ఇది చూపించాలి.

కానీ అదే గ్రిఫిత్ ఐదేళ్లకే, 1915లో, 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' తీశాడు. అందులో నల్లవాళ్లు రాక్షసులు, ముసుగులేసుకొని వాళ్లను చంపే కూ క్లక్స్ క్లాన్ మనుషులు వీరులు. ఆపదలో ఉన్న తెల్ల అమ్మాయి, గుర్రాల మీద దూసుకొచ్చే రక్షకులు, ఉరికించే సంగీతం. నల్లజాతి సంఘాలు అప్పుడే నిరసన తెలిపాయి. అయినా జనం విరగబడి చూశారు. అప్పటికి చచ్చిపోయిన క్లాన్ సంస్థ ఆ ఏడాదే మళ్లీ పుట్టింది.

ఈ రెండు సినిమాలూ ఒకే మనిషివి అని తెలిసినప్పుడు మాకు చాలా విషయాలు అర్థమయ్యాయి. ఈ పద్ధతికి న్యాయం, అన్యాయం తెలియదు. ఎవరి మొహాన్ని దగ్గరగా చూపిస్తే వాళ్ల కోసం ఏడిపిస్తుంది. 1910లో అలెసాండ్రో మొహం చూపించాడు, జనం అతని కోసం ఏడ్చారు. 1915లో క్లాన్ వాళ్ల చెల్లెలి మొహం చూపించాడు, ఆమె కోసం ఏడ్చారు. కాబట్టి సినిమా చూస్తూ మనకు కన్నీళ్లు వచ్చాయంటే అది నిజం చెప్పిందని అర్థం కాదు. ఆ తర్వాత 1920లో 'వే డౌన్ ఈస్ట్' అని ఇంకోటి తీశాడు. మోసపోయి, బిడ్డను పోగొట్టుకున్న అమ్మాయి మంచు గడ్డ మీద పడి నదిలో కొట్టుకుపోయే సీను అందులోదే. లిలియన్ గిష్ అనే నటి నిజం మంచు మీద పడుకొని, చెయ్యి చల్లని నీళ్లలో వేలాడదీసింది. ఆ చేతి వేళ్లు జీవితాంతం సరిగా రాలేదు. అతి నటన అని నవ్వడం తేలిక, కానీ వాళ్లు పెట్టిన కష్టం అలాంటిది.

రమోనాను 1928లో మళ్లీ తీశారు. ఈసారి దర్శకుడు ఎడ్విన్ కేర్యూ, చికసా తెగ మనిషి. అసలు పేరు జే ఫాక్స్. స్క్రీన్‌ప్లే రాసింది అతని సోదరుడు ఫినిస్ ఫాక్స్. అంటే మన పోస్టులో మొదటిసారి ఆదివాసీ చేతిలోకి ఆదివాసీ కథ వచ్చింది. రమోనాగా మెక్సికో నటి డొలోరెస్ డెల్ రియో. అలెసాండ్రో వేషం మాత్రం వార్నర్ బాక్స్టర్ అనే తెల్ల నటుడికే. అయినా తేడా తెలుస్తుంది. ఊరి మీద దాడి సీను ఉంది, తెల్ల ముఠా వచ్చి మనుషులను కాల్చడం దాపరికం లేకుండా చూపించాడు. మిగతావాళ్లు ఆ చోట కెమెరా తిప్పేసుకుంటారు. ఈ సినిమా చాలా ఏళ్లు పోయిందనే అనుకున్నారు. చివరికి చెక్ దేశంలో ప్రాగ్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఒక కాపీ బయటపడింది. బాగుచేసి 2014లో మళ్లీ ప్రదర్శించారు. 1936లో ఇంకోసారి, రంగుల్లో, లోరెట్టా యంగ్, డాన్ అమీచీతో తీశారు. రంగులు బాగుంటాయి. అంతకంటే చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు.

హాలీవుడ్ అనే ఊరికే ఇంకో ఆదివాసీ మెలోడ్రామాతో సంబంధం ఉంది. 1914లో సిసిల్ బి. డెమిల్ తన మొదటి సినిమా అక్కడ ఒక కొట్టం అద్దెకు తీసుకొని తీశాడు. హాలీవుడ్‌లో తీసిన తొలి పూర్తి నిడివి సినిమాల్లో అదొకటి. పేరు 'ది స్క్వా మ్యాన్'. 'స్క్వా' అనేది ఆదివాసీ స్త్రీని కించపరిచే మాట. 2022లో అమెరికా ప్రభుత్వం దాదాపు 650 కొండల, వాగుల పేర్లలోంచి ఆ మాట తీసేసింది. అప్పుడు ఆ శాఖ మంత్రి డెబ్ హాలండ్, లగూనా ప్యూబ్లో తెగ ఆడబిడ్డ. కేబినెట్‌లోకి వెళ్లిన మొదటి ఆదివాసీ.

ఆ సినిమాలో ఒక ఇంగ్లీషు దొర పరువు కోసం నింద నెత్తిన వేసుకొని అమెరికా వస్తాడు. నటురిచ్ అనే ఆదివాసీ యువతి అతని ప్రాణం కాపాడుతుంది. బిడ్డ పుడతాడు. చివర్లో దొరకు మళ్లీ హోదా వస్తుంది, పాత ప్రేయసి వస్తుంది, బిడ్డను ఇంగ్లాండ్ పంపిద్దాం అంటారు. నటురిచ్ తనను తాను చంపుకుంటుంది. దారి క్లియర్. ప్రేక్షకులు ఏడుస్తారు, దొర తల దించుకుంటాడు, సినిమా అయిపోతుంది.

ఈ కథ డెమిల్‌కు ఎంత నచ్చిందంటే 1918లో మళ్లీ తీశాడు, 1931లో మూడోసారి తీశాడు. మూడుసార్లూ ఆమె చచ్చిపోతుంది. మొదటిసారి మాత్రం ఆ వేషం వేసింది నిజమైన ఆదివాసీ, లిలియన్ సెంట్ సైర్. తెరపేరు రెడ్ వింగ్. నెబ్రాస్కాలోని విన్నెబాగో రిజర్వేషన్‌లో పుట్టింది. కార్లైల్ స్కూల్లో చదివింది. కార్లైల్ గురించి మనం వేరే పోస్టు రాయాలి. 1879లో పెట్టిన ఆదివాసీ హాస్టల్ స్కూలు అది. పిల్లల జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించి, పేర్లు మార్చేసేవాళ్లు. హాస్టల్లో చదివిన అమ్మాయే సినిమాకు వెళ్లి, తన మనుషుల బట్టలు వేసుకొని నటించింది. ఆ సినిమాలో ఆమె మొహం చూడండి. మిగతావాళ్లందరూ చేతులు ఊపుతుంటే ఆమె కదలకుండా నిలబడుతుంది. కథ ఆమెను చంపింది కానీ గుర్తుండేది ఆమే.

తెగల మనుషులు ఇవన్నీ ఊరికే చూస్తూ కూర్చోలేదు. 1911లోనే కొందరు ప్రతినిధులు వాషింగ్టన్ వెళ్లి సినిమాల్లో తమను చూపిస్తున్న తీరు మీద ఫిర్యాదు చేశారు. అప్పటికి సినిమా వయసు ఇరవై ఏళ్లు కూడా లేదు.

తెల్లవాడిని ప్రేమించిన ఆదివాసీ అమ్మాయి చచ్చిపోవడం ఒక అలవాటుగా మారిపోయింది. 1950లో వచ్చిన 'బ్రోకెన్ యారో' ఆదివాసీలను గౌరవంగా చూపించిన సినిమాగా పేరు తెచ్చుకుంది. అపాచీ నాయకుడు కొచీస్‌ను తెలివైనవాడిగా, మాట మీద నిలబడేవాడిగా చూపించారు. బాగుంది. కానీ కొచీస్ వేషం జెఫ్ చాండ్లర్ అనే తెల్లవాడిది. తెల్ల హీరోను పెళ్లి చేసుకున్న అపాచీ అమ్మాయి ఇందులో కూడా తూటాకు చచ్చిపోతుంది. ఆమె చావు వల్లే శాంతి గట్టిపడిందని హీరో అనుకుంటాడు. ఎవరి శాంతి? మొహాక్ తెగ నటుడు జే సిల్వర్‌హీల్స్‌కు దక్కింది ఆ ఒప్పందానికి ఎదురుతిరిగే జెరోనిమో వేషం.

దీని వెనక కాగితం మీద రాసుకున్న రూల్ కూడా ఉంది. హాలీవుడ్ కంపెనీలు 1930లో ఒక నియమావళి రాసుకున్నాయి, 1934 నుంచి గట్టిగా అమలు చేశాయి. అందులో తెల్లవాళ్లకు, నల్లవాళ్లకు మధ్య ప్రేమ, పెళ్లి చూపించకూడదని స్పష్టంగా ఉంది. మిగతా జాతుల విషయంలో అంత స్పష్టంగా రాయకపోయినా భయం మాత్రం అదే. ప్రేమ చూపించొచ్చు, కాపురం నిలబడకూడదు. నిలబడకుండా చేయాలంటే రచయిత చేతిలో ఉన్న తేలికైన మార్గం ఆ అమ్మాయిని చంపడమే.

ఇప్పుడు మేము ఎక్కువ రోజులు మాట్లాడుకున్న సినిమా. 'ఇమిటేషన్ ఆఫ్ లైఫ్'. ఇది ఆదివాసీల కథ కాదు, నల్లజాతి తల్లీకూతుళ్ల కథ. కానీ మన గ్రూపులో అందరూ చూడాల్సింది ఇదే.

ఫానీ హర్స్ట్ 1933లో రాసిన నవల ఆధారం. 1934లో ఒకసారి, 1959లో ఒకసారి తీశారు. మేము రెండోదాని గురించి చెబుతాం. దర్శకుడు డగ్లస్ సిర్క్, జర్మనీ మనిషి. భార్య యూదురాలు కావడంతో హిట్లర్ కాలంలో, 1937లో, దేశం వదిలి వచ్చేశాడు. ఇది అతని చివరి హాలీవుడ్ సినిమా.

లోరా అనే తెల్లావిడ, లానా టర్నర్ నటించింది, నాటకాల్లో పెద్ద నటి కావాలనుకుంటుంది. ఆనీ అనే నల్లావిడ, జువానిటా మూర్, ఆమె ఇంట్లో పనిచేస్తూ ఉంటుంది. ఇద్దరికీ చెరో కూతురు. ఆనీ కూతురు సారా జేన్ ఒంటి రంగు తెలుపు. చూస్తే తెల్ల అమ్మాయే అనుకుంటారు. ఆ అమ్మాయి స్కూల్లో తెల్లపిల్లలా చలామణీ అవుతుంది. ఒకరోజు తల్లి బిడ్డ కాళ్లు తడుస్తాయని బూట్లు పట్టుకొని క్లాసుకు వస్తుంది. ఇక్కడ నల్లపిల్లలెవరూ లేరే అంటుంది టీచరు. పుస్తకం చాటున మొహం దాచుకున్న పిల్లను తల్లి గుర్తుపడుతుంది. ఆ పిల్ల లేచి బయటికి పరుగెత్తుతుంది.

ఇక్కడ మేము ఫోను ఆపేశాం. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. కాలేజీలో చేరిన మొదటి వారం "మీదే ఊరు?" అంటే గూడెం పేరు, తండా పేరు మింగేసి మండలం పేరు చెప్పడం మనలో చాలామందికి తెలిసిందే. హాస్టల్ గేటు దగ్గర చింతపండు మూట, ఇప్పపూల సంచి పట్టుకొని నిలబడిన తల్లిని ఫ్రెండ్స్ ముందు "మా ఊరామె" అని చెప్పిన పిల్లలను మనం చూశాం. ఆ పిల్లలు చెడ్డవాళ్లు కాదు. అలా చెప్పకపోతే రేపటి నుంచి తమను ఎలా చూస్తారో వాళ్లకు బాగా తెలుసు.

సిర్క్ సినిమాలో ఉన్న గొప్పతనం ఇదే. సారా జేన్‌ను చెడ్డదాన్ని చేయలేదు. ఆమె తెల్లగా ఉండాలని కోరుకోవడంలో తెల్లరంగు మీద మోజు కంటే తెల్లవాళ్లకు దొరికే బతుకు మీద ఆశ ఎక్కువ. అసలు సంగతి తెలిసిన తెల్ల ప్రియుడు వీధిలో ఆమెను కొట్టే సీను భయంకరంగా ఉంటుంది. తర్వాత ఆమె ఇల్లు వదిలి దూరం పోయి క్లబ్బులో డాన్సులు చేస్తుంది. ఆరోగ్యం చెడిన తల్లి వెతుక్కుంటూ వస్తుంది. ఒక్కసారి నిన్ను పట్టుకొని వెళ్లిపోతాను అంటుంది. అంతలో కూతురి స్నేహితురాలు గదిలోకి వస్తుంది. తల్లి తనంతట తానే, నేను ఈమెను చిన్నప్పుడు పెంచిన ఆయాను అన్నట్టు మాట్లాడి, బయటికి నడుస్తుంది. కూతురి అబద్ధాన్ని తల్లే కాపాడింది. మాలో ఒకడు బాత్రూం పేరు చెప్పి బయటికి పోయాడు. చాలాసేపటికి వచ్చాడు.

చివర్లో ఆనీ చనిపోతుంది. ఎప్పటి నుంచో కూడబెట్టుకున్న డబ్బుతో తన అంతిమయాత్ర ఎలా జరగాలో ఆమె ముందే చెప్పి పెట్టుకుంది. చర్చిలో మహేలియా జాక్సన్ పాడుతుంది. తెల్లగుర్రాల బండి. వీధికి రెండు వైపులా వందల మంది నల్లవాళ్లు. వీళ్లందరూ ఎవరు? ఆనీ మనుషులు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా, ఆనీకి ఇంతమంది స్నేహితులు ఉన్నారని లోరాకు తెలియదు. అంతకుముందు ఆ మాట వచ్చినప్పుడు, మీరెప్పుడూ అడగలేదు కదా అన్న అర్థంలో ఆనీ మెత్తగా అంటుంది. రెండు గంటల సినిమాలో మాకు అన్నిటికంటే పదునుగా తగిలిన మాట అదే. జనాన్ని తోసుకుంటూ సారా జేన్ వచ్చి శవపేటిక మీద పడి ఏడుస్తుంది. అతి అంటే అతే. కానీ అక్కడ ఏడవకుండా కూర్చున్నవాళ్లు మాలో లేరు.

లోపాలు లేవా? చాలా ఉన్నాయి. సినిమాలో సగం లోరా ప్రేమలకు, గౌనులకు పోయింది. ఆ భాగాల్లో మేము ఫోను చార్జింగ్ పెట్టుకున్నాం. ఆనీ మరీ దేవత. కోపమే రాదు. తన కూతురు ఎవరి వల్ల ఇలా అయిందో వాళ్ల మీద ఒక్క మాట అనదు. 1934 సినిమాలో ఇంకా ఘోరం. నల్లావిడ చేసే అట్ల వంటకంతో తెల్లావిడ పెద్ద కంపెనీ పెడుతుంది, నల్లావిడకు ఇరవై శాతం వాటా ఇస్తామంటే వద్దు, నేను మీ దగ్గరే ఉంటాను అంటుంది. ఎవరు రాసుకున్న కల అది! ఆ విషయంలో 1934 సినిమాకు ఒక మంచి ఉంది. కూతురి వేషం ఫ్రెడీ వాషింగ్టన్ వేసింది, నిజంగా నల్లజాతి నటి. 1959లో ఆ వేషం నల్లజాతితో సంబంధం లేని సుసాన్ కోనర్‌కు ఇచ్చారు. జువానిటా మూర్‌కు, కోనర్‌కు ఇద్దరికీ ఆస్కార్ నామినేషన్ వచ్చింది. మూర్‌కు ఆ తర్వాత కూడా ఎక్కువగా పనిమనిషి వేషాలే దొరికాయి. అంతకు ముందు 1940లో ఆస్కార్ గెలిచిన మొదటి నల్లజాతి నటి హాటీ మెక్‌డానియెల్‌ను ఆ సభలో తోటి నటులతో కాకుండా విడిగా ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. ఆమె గెలిచింది కూడా పనిమనిషి పాత్రకే.

సిర్క్ సినిమాలను ఆ రోజుల్లో విమర్శకులు ఆడవాళ్ల ఏడుపు సినిమాలు అని తీసిపారేశారు. 1970ల్లో గాని వాటికి గౌరవం రాలేదు. ఫాస్‌బిండర్ అనే జర్మన్ దర్శకుడు 1971లో సిర్క్ మీద వ్యాసం రాశాడు, 1974లో సిర్క్ సినిమా ఒకదాని దారిలోనే, ముసలి పనిమనిషికీ మొరాకో కూలీకీ మధ్య ప్రేమకథ తీశాడు. సిర్క్ సినిమాలో అద్దాలు, కిటికీలు, మెట్లు ఎక్కడ పెట్టాడో గమనించండి. మనుషులు తమ ఇళ్లల్లోనే బోనులో ఉన్నట్టు కనిపిస్తారు. సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు పైనుంచి మెరిసే రాళ్లు రాలుతూ తెర నిండిపోతుంది. వజ్రాలు అనుకుంటాం. గాజు అని పేరే చెబుతోంది, నకిలీ అని.

ఆడవాళ్ల ఏడుపు సినిమా అని తీసిపారేయడం మాకు నచ్చలేదు. మన దగ్గర చావు దగ్గర ఏడ్చే ఆడవాళ్లు ఆ ఏడుపులోనే చనిపోయిన మనిషి పుట్టుక, పెళ్లి, పోడు, పడ్డ బాకీ, చూపించని డాక్టరు, అన్నీ చెబుతారు. వినేవాడికి చరిత్ర మొత్తం అందులో ఉంటుంది. 1937 నాటి 'స్టెల్లా డల్లాస్'లో బార్బరా స్టాన్విక్ కూతురి పెళ్లిని వానలో, రోడ్డు మీద నిలబడి కిటికీలోంచి చూస్తుంది. పేదతల్లి లోపలికి వస్తే కూతురికి తలవంపులు. పోలీసాయన కదలమంటే ఒక్క నిమిషం అని బతిమాలుతుంది. వర్గం అంటే ఏంటో మా క్లాసు నోట్సు కంటే ఈ సీను బాగా చెప్పింది. తల్లి తప్పుకోవడమే త్యాగం అని మెచ్చుకోవడం మాత్రం మాకు మింగుడు పడలేదు. మాలో అక్కలు ఇద్దరికి దీని మీద పెద్ద గొడవ అయింది. ఒకామె స్టెల్లా గెలిచింది అంటుంది, ఒకామె సినిమా స్టెల్లాను బయటికి గెంటింది అంటుంది. ఇంకా తేలలేదు.

రెడ్ వింగ్ సినిమాలు మానేశాక న్యూయార్క్‌లో స్థిరపడింది. అక్కడ తమ సంప్రదాయ దుస్తులు కుట్టేది, తమ మనుషుల గురించి ఉపన్యాసాలు ఇచ్చేది. 1974లో చనిపోయింది. తెరమీద ముగింపులో చచ్చిపోయిన నటురిచ్, బయట అరవై ఏళ్లు బతికి తన తెగ గురించి తనే మాట్లాడింది. ఆ అరవై ఏళ్ల మీద డెమిల్ ఒక్క సినిమా తీయలేదు.

చూడాలనుకునేవాళ్లు గ్రిఫిత్ రమోనాతో మొదలుపెట్టండి, 17 నిమిషాలే, డేటా కూడా తక్కువ అవుతుంది. 'ఇమిటేషన్ ఆఫ్ లైఫ్' మాత్రం పరీక్షల ముందు రోజు పెట్టుకోవద్దు. సబ్‌టైటిల్స్ చదివి చెప్పేవాడికి మధ్యలో గొంతు పోతుంది, ఇద్దరిని పెట్టుకోండి.